కన్సర్వేషన్ జోన్‌లో రెండెకరాలు: అమ్ముకోవచ్చా, కట్టుకోవచ్చా, కాదనవచ్చా?

ఈసారి భూమి ప్రశ్నల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జోన్ గురించే. మాస్టర్ ప్లాన్ పటంలో తమ పొలం మీద ఆకుపచ్చ రంగు పడిందని తెలిసినవాళ్లు రాసినవి. హైదరాబాద్ చుట్టుపక్కల దాన్ని కన్సర్వేషన్ జోన్ అంటున్నారు, అమరావతి వైపు అగ్రి జోన్ అన్నారు, చిన్న పట్టణాల ప్లాన్లలో గ్రీన్ జోన్ అని రాస్తున్నారు. ఐదెకరాల లోపు రైతుల ప్రశ్నలే ఎంచుకున్నాం. యాభై ఎకరాలున్నవాళ్లకు సలహా చెప్పే వకీళ్లు, ప్లానర్లు దొరుకుతారు. రెండెకరాల ఇంట్లో ఆ పొలమే పిల్లల చదువు, పెళ్లి ఖర్చు, ముసలితనపు భరోసా. వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పడం లేదు.

ప్రశ్న: ఇబ్రహీంపట్నం వైపు మాకు 2 ఎకరాల 10 గుంటలుంది. ప్లాట్లు చేద్దామని తహసీల్దార్ ఆఫీసులో ఫీజు కట్టి నాలా మార్పిడి చేయించాం. ఆర్డరు కూడా చేతికొచ్చింది. లేఅవుట్‌కు పెడితే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వాళ్లు మీది కన్సర్వేషన్ జోన్, కుదరదన్నారు. సర్కారే మార్చి, సర్కారే కాదంటే ఎట్లా?

మీరు కట్టించుకున్న కాగితం ఒకటి, మీకు కావలసిన కాగితం మరొకటి. ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. మాకొచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఇదే.

ఒక పొలం మీద ప్రభుత్వం వేర్వేరు పుస్తకాల్లో వేర్వేరు సంగతులు రాస్తుంది. రెవెన్యూ రికార్డులో ఉండేది ఎవరి భూమి, ఎంత, వ్యవసాయమా కాదా అన్నది. నాలా మార్పిడి (ఇక్కడ నాలా అంటే వ్యవసాయేతర వాడకానికి వేసే పన్ను తాలూకు మాట, మురుగు కాలువ కాదు) ఆ రికార్డులో 'వ్యవసాయం' అన్న మాటను కొట్టేస్తుంది. అంతే. ఆ భూమిలో ఏం కట్టవచ్చు, ఏం కట్టకూడదు అన్నది మాస్టర్ ప్లాన్ చెబుతుంది. హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2031 దాకా పనిచేసే ప్లాన్‌ను 2013 జనవరి 24న జీవో 33తో నోటిఫై చేశారు. మీ సర్వే నంబరుకు ఆ పటంలో ఏ రంగు ఉందో అదే అమల్లో ఉంటుంది. తహసీల్దార్‌కు ఆ రంగు మార్చే అధికారం లేదు. ఆయన ఇచ్చిన ఆర్డరు తప్పు కాదు, అది హెచ్‌ఎండీఏను కట్టడి చేయదు కూడా. ఈ రెండింటితో పాటు ఇంకో రెండు జాబితాలున్నాయి: రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత భూముల జాబితా ఒకటి, చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం), బఫర్ (ఆ గీత నుంచి కట్టడాలు లేకుండా వదలాల్సిన చోటు) పటం మరొకటి. మీ పొలాన్ని వీటిలో ఏది ఆపుతోందో తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. తప్పు ఆఫీసు చుట్టూ తిరిగి లక్షలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నాలా మార్పిడితో మీకు నష్టం కూడా జరిగింది. మార్చిన విస్తీర్ణానికి రైతు భరోసా రాదు. ఎకరానికి ఏటా 12,000 రూపాయల లెక్కన రెండుంపావు ఎకరాలకు 27,000 అవుతుంది. పాస్‌బుక్‌లోంచి భూమి మొత్తం పోతే, 18 నుంచి 59 ఏళ్ల మధ్య రైతుకు ఉండే 5 లక్షల రైతు బీమాకూ అర్హత పోతుంది. పంట రుణానికి బ్యాంకు చూసేదీ ఆ పాస్‌బుక్కే. అందుకే జోన్ కాగితం చూడకుండా నాలాకు పోవద్దని పదేపదే రాస్తున్నాం.

ఇక మీ ముందున్న దారి భూ వినియోగ మార్పిడి, ఆఫీసు భాషలో సీఎల్‌యూ. ముందుగా హెచ్‌ఎండీఏ నుంచి మీ సర్వే నంబరుకు భూ వినియోగ ధ్రువపత్రం, దాంతో పాటు ప్లాన్ పటంలో మీ భాగం నకలు తీసుకోండి. నకలు తప్పకుండా అడగండి. ఒక్కోసారి ఒకే సర్వే నంబరు రెండు జోన్లలో పడుతుంది, మీ బై నంబరు (సర్వే నంబరులో మీ ఉపభాగం) ఎటు పడిందో ధ్రువపత్రంలో తెలియదు, పటంలోనే తెలుస్తుంది. తర్వాత పట్టా కాగితాలు, లింకు దస్తావేజులు (భూమి చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (భూమి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), గ్రామ నక్షా (ఊరి పటం), సర్వేయర్ కొలిచి సంతకం పెట్టిన స్కెచ్, దారి ఎంత వెడల్పుందో చూపే పటం జత చేసి దరఖాస్తు పెట్టాలి. అధికారులు చోటు చూసి నివేదిక రాస్తారు. అది ప్రభుత్వానికి వెళుతుంది. మార్చవచ్చనుకుంటే ప్రజల అభ్యంతరాల కోసం ముసాయిదా నోటిఫికేషన్ వేస్తారు, చార్జీలు కట్టమంటారు, ఆఖరున జీవో వస్తుంది. జీవో వచ్చేదాకా జోన్ మారినట్టు కాదు. ఫైలు నడుస్తోందన్న మాట మీద అడ్వాన్సులు తీసుకోవద్దు.

ఈ దరఖాస్తులు ఎక్కువగా రెండు చోట్ల ఆగిపోతాయి. ఒకటి దారి. నక్షాలో బండ్లబాట ఉన్నా చోటు మీద పక్క పొలం వాళ్లు కలిపేసుకుని ఉంటారు. సరిపడా వెడల్పు దారి చూపకపోతే మిగతావన్నీ సరిగా ఉన్నా ఫైలు కదలదు. రెండోది ఒంటరి ముక్క. చుట్టూ పదులకొద్దీ ఎకరాలు కన్సర్వేషన్ కింద ఉండి మధ్యలో రెండెకరాలకు నివాస జోన్ అడిగితే ప్లానర్లు ఒప్పుకోరు. నివాస జోన్ హద్దును ఆనుకుని ఉన్న పొలమైతే, పక్క రైతులతో కలిసి ఒకే దరఖాస్తుగా వెళితే అవకాశం మెరుగు. మీ ముక్క ఎక్కడుందో చూసుకుని, లోపల పడి ఉంటే సీఎల్‌యూ మీద ఆశ పెట్టుకోకండి. ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిదని రాస్తున్నాం.

ప్రశ్న: అమ్మాయి పెళ్లికి ఎకరం అమ్ముదామంటే, కన్సర్వేషన్ జోన్ భూమి రిజిస్ట్రేషన్ కాదంటూ కొనేవాళ్లు సగం ధరకు అడుగుతున్నారు. నిజమేనా?

నిజం కాదు. జోన్ మీ పట్టాను తాకదు. అమ్మవచ్చు, కూతురికి గిఫ్ట్ రాయవచ్చు, వీలునామా రాయవచ్చు, తనఖా పెట్టవచ్చు, కౌలుకు ఇవ్వవచ్చు. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే స్లాట్ తీసుకుని అవుతుంది. రిజిస్ట్రేషన్ ఆగేది 22ఏ జాబితాలో ఉన్నప్పుడు, లేదా 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కిందికి వచ్చే భూమి అయినప్పుడు. మీ సర్వే నంబరు నిషేధిత జాబితాలో లేదని ఆన్‌లైన్‌లో చూసి, ఆ పేజీ ప్రింటు కొనేవాళ్ల చేతిలో పెట్టండి. ధర తగ్గించడానికి బ్రోకర్లు వాడే మాట ఇది.

ఒక జాగ్రత్త. ఎకరాన్ని 200, 300 గజాల ముక్కలు చేసి 'ఫామ్ ప్లాట్లు'గా అమ్మిపెడతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. లేఅవుట్ అనుమతి లేకుండా 20 గుంటలకు, అంటే 2,420 గజాలకు తక్కువ ముక్కలుగా ఫామ్ ప్లాట్లు అమ్మడానికి వీల్లేదు. రేపు కొన్నవాళ్లు కేసు పెడితే దస్తావేజు మీద సంతకం మీది. వెంచర్ వేసినవాళ్లు అప్పటికి కనబడరు.

ప్రశ్న: పొలంలోనే చిన్న ఇల్లు వేసుకుని ఉండాలని మా ఆలోచన. అగ్రి జోన్‌లో ఇల్లు అసలే కట్టకూడదా?

పొలం చేసుకునే రైతుకు కావలసిన కట్టడాలను ఏ ప్లానూ పూర్తిగా కాదనదు. పశువుల కొట్టం, పంపు గది, గడ్డివాము, పంట దాచుకునే షెడ్డు, రైతు కుటుంబం ఉండే ఇల్లు వంటివి జోన్ నిబంధనల చివర 'అనుమతించే వాడకాలు' అన్న పట్టికలో ఉంటాయి. ఎంత భూమికి ఎంత కట్టడం అన్న కొలత ఆ పట్టిక పక్కనే రాసి ఉంటుంది. మీ ప్లాన్ ఏదైతే దాని పట్టికే చూడాలి. పక్క జిల్లా వాళ్లకు ఇచ్చారని మీకూ ఇస్తారనుకోవద్దు. అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. గ్రామకంఠం (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత నివాస స్థలం) లోపల మీకు ఇంటి జాగా ఉంటే గొడవే లేదు, దానికి దారి వేరు.

ఇంటికంటే ఎక్కువగా దెబ్బ తగిలేది కరెంటు దగ్గర. బోరు మోటారుకు ఇచ్చిన వ్యవసాయ సర్వీసు నుంచి ఇంటికి వైరు లాగుతారు. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. తనిఖీలో పట్టుబడితే ఎప్పటినుంచి వాడుతున్నారో తేలనప్పుడు 12 నెలలకు లెక్కగట్టి, ఆ వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. ఇంటికి విడిగా మీటరు పెట్టించుకోండి. ఆ మీటరు బిల్లులు రేపు మీరక్కడ నిజంగా కాపురం ఉన్నారనడానికి రుజువుగా కూడా పనికొస్తాయి.

ప్రశ్న: మా పట్టణానికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. విలీనమైన మా ఊరి పొలాలు కొన్ని గ్రీన్ జోన్‌లో, కొన్ని ఇండస్ట్రియల్‌లో చూపారు. ఊరంతా కలిసి ఒక వినతిపత్రం ఇచ్చాం. ఇంకేమైనా చేయాలా?

చేయాలి, చాలా ఉంది. మీరిప్పుడు ఉన్న దశలో చేసిన పనికి ఉన్న విలువ, ప్లాన్ ఖాయమైన తర్వాత చేసే దేనికీ ఉండదు.

2023 జనవరిలో కామారెడ్డిలో జరిగింది గుర్తు చేసుకోండి. ముసాయిదాలో తమ సాగు భూములను ఇండస్ట్రియల్ జోన్, గ్రీన్ జోన్ కింద చూపారని విలీన గ్రామాల రైతులు రోడ్డెక్కారు. ఆ ఆవేదనలో ఒక రైతు ప్రాణమే పోయింది. చివరకు మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే ప్లాన్ వెనక్కి పోయింది. అంతకు ముందు 2015 చివర రాజధాని ప్రాంత ముసాయిదాలో అగ్రి జోన్ల మీద కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు పెద్దఎత్తున అభ్యంతరాలు చెప్పారు. అంటే ముసాయిదా మారుతుంది. మారేది అభ్యంతరాల గడువు ముగిసేలోపు రికార్డులోకి ఎక్కిన కాగితాల వల్ల, వాటి వెనక నిలబడిన జనం వల్ల. రెండూ కావాలి. జనం లేకపోతే కాగితం చదవరు. కాగితం లేకపోతే జనం ఇళ్లకు వెళ్లాక ఏమీ మిగలదు.

ఊరి వినతిపత్రం మంచిదే. కానీ అభ్యంతరాలను పరిశీలించే అధికారి సర్వే నంబరు వారీగా పట్టిక వేస్తారు. మీ సర్వే నంబరు ఎదురుగా మీ అభ్యంతరం కనిపించకపోతే ఆ గడి ఖాళీ. ప్రతి పట్టాదారూ విడిగా ఒక పేజీ అభ్యంతరం ఇవ్వాలి. భార్య పేరున వేరే పాస్‌బుక్ ఉంటే ఆమెది వేరే కాగితం.

ఆ పేజీలో ఇవి ఉండాలి. గ్రామం, సర్వే నంబరు బై నంబరుతో సహా, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో, పాస్‌బుక్ నంబరు. ముసాయిదా పటంలో షీటు నంబరు, అందులో మీ భూమికి చూపిన జోన్. ఇప్పుడు చోటు మీద ఏముంది: ఏ పంట, ఎన్ని బోర్లు, కరెంటు సర్వీసు నంబరు, తోట అయితే చెట్ల సంఖ్య, వయసు. చివర మీరు అడిగేది ఒక్క వాక్యంలో. ఇక్కడే చాలామంది తడబడతారు. 'మాకు అన్యాయం జరిగింది, న్యాయం చేయండి' అని రాస్తే అధికారి దాని మీద చేయగలిగింది ఏమీ లేదు. 'ఈ బై నంబరును గ్రీన్ జోన్ నుంచి తీసి నివాస జోన్‌లో కలపాలి, పడమర హద్దు ఇప్పటికే నివాస జోన్‌ను ఆనుకుని ఉంది' అని రాస్తే అవునో కాదో చెప్పక తప్పదు. 100 అడుగుల రోడ్డు పొలం మధ్యలోంచి గీసి ఉంటే, దాన్ని ఎటు జరపవచ్చో మీ నక్షా మీద పెన్సిల్‌తో గీసి చూపండి. పక్కనే సర్కారు భూమి ఉంటే దాని సర్వే నంబరు రాయండి.

పాస్‌బుక్ నకలు, పహాణీ (ఏటా సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు), తేదీ పడిన ఫోటోలు జత చేసి రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ఒకటిచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ముద్ర వేయబోమని వాళ్లంటే ఆ రోజే రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. ఈమెయిల్ కూడా చేయండి. గడువు ఆఖరి రోజు కోసం ఆగవద్దు.

గడువు దాటాక వాళ్లు ఏం తేల్చారో తెలుసుకోవడం మీ హక్కు. 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ ఇన్‌వర్డ్ నంబరు రాసి, దాని మీద రాసిన రిమార్కుల నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. కారణం చెప్పకుండా అభ్యంతరాలన్నీ ఒకే ముద్రతో తోసేసినట్టు తేలితే, హైకోర్టులో రిట్ వేయడానికి మీకు బలమైన ఆధారం అదే. కోర్టు మీ భూమికి జోన్ నిర్ణయించదు. చట్టం చెప్పిన పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చారా, విన్నారా, మనసుపెట్టి నిర్ణయించారా అన్నదే చూస్తుంది. ఆలస్యం చేస్తే ఆ బలం కూడా కరిగిపోతుంది. తుది ప్లాన్ వచ్చిన ఐదేళ్లకు లేచి నోటీసు రాలేదంటే న్యాయమూర్తి అడిగే మొదటి ప్రశ్న ఇన్నాళ్లూ ఏం చేశారనే.

ప్రశ్న: అగ్రి జోన్‌లో ఉన్న భూమిని సర్కారు సేకరించకూడదు కదా? ఒకవేళ తీసుకుంటే పరిహారం తగ్గుతుందా?

జోన్ సేకరణకు అడ్డు కాదు. అడ్డంటూ ఏదైనా ఉంటే అది 2013 భూసేకరణ చట్టంలోని 10వ సెక్షన్. రెండు, మూడు పంటలు పండే సాగునీటి భూమిని ఆఖరి మార్గంగా తప్ప తీసుకోకూడదని, తీసుకుంటే అంత విస్తీర్ణం సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలని లేదా ఆ విలువ జమ చేయాలని అందులో ఉంది. రోడ్డు, రైలు, కాలువ, కరెంటు లైను వంటి పొడవాటి పనులకు ఇది వర్తించదు. పైగా తెలుగు రాష్ట్రాలు రెండూ తర్వాత తెచ్చిన సవరణలతో కొన్ని రకాల ప్రాజెక్టులకు ఆ అధ్యాయం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. కాబట్టి 10వ సెక్షన్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. అయినా అభ్యంతరంలో ఆ మాట తప్పకుండా రాయండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లో 15వ సెక్షన్ కింద ఇవ్వాలి.

పరిహారం సంగతికొస్తే, అసలు బాధ ఇక్కడే ఉంది. జోన్ వల్ల ఏళ్ల తరబడి ధర పెరగకుండా అణిగిపోతుంది. తర్వాత ఆ అణిగిన ధరనే మార్కెట్ విలువ అంటారు. చట్టం లెక్క చూడండి. రిజిస్ట్రేషన్ విలువ, లేదా దగ్గర్లోని అలాంటి భూముల గత మూడేళ్ల అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. గ్రామీణ ప్రాంతంలో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించాలి. చెట్లు, బావి, షెడ్ల విలువ కలపాలి. వచ్చిన మొత్తానికి అంతే సొలేషియం (భూమి బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం). ఎకరా 20 లక్షలు, గుణకం 1.5 అనుకుందాం. 30 లక్షలు. బోరు, మామిడి చెట్లు 3 లక్షలు. మొత్తం 33, సొలేషియంతో 66 లక్షలు. నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం. మొదటి అంకె 20 కాక 30 అయితే చివరి అంకె 96 అవుతుంది. కాబట్టి పోరాటమంతా ఆ మొదటి అంకె మీద పెట్టాలి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి (తెలంగాణలో వ్యవసాయ భూమి అయితే తహసీల్దార్ ఆఫీసు నుంచి కూడా) మీ ఊరు, చుట్టు ఊళ్ల మూడేళ్ల అమ్మకాల వివరాలు తీయండి. జోన్ హద్దుకు అటూ ఇటూ ఉన్న అమ్మకాలు రెండూ పెట్టండి. మీ జోన్ లోపలే ఎక్కువ ధరకు జరిగిన దస్తావేజు ఒక్కటి దొరికినా అది బంగారం, ఎందుకంటే 'ఇలాంటి భూమి' కాదని దాన్ని పక్కన పెట్టలేరు. అవార్డు నచ్చకపోతే 64వ సెక్షన్ కింద రిఫరెన్సు (పరిహారం వివాదాన్ని భూసేకరణ అథారిటీకి పంపమనడం) అడగాలి. అవార్డు ఇచ్చేటప్పుడు మీరో మీ తరఫువాళ్లో ఉంటే ఆ రోజు నుంచి 6 వారాలే గడువు. డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను' అని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టండి. ఊరికే సంతకం పెట్టేసి తర్వాత లబోదిబోమన్నవాళ్ల ఉత్తరాలు మా దగ్గర చాలా ఉన్నాయి.

ఇంకో మాట. జోన్ పెట్టినందుకే పరిహారం ఇవ్వరా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇవ్వరు. భూమి తీసుకుంటేనే పరిహారం, వాడకం కట్టడి చేస్తే కాదు. 2024 మే 16న సుప్రీంకోర్టు కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో రాజ్యాంగంలోని ఆస్తి హక్కు అధికరణ 300ఏ కింద ఏడు హక్కులను విడివిడిగా చెప్పింది. నోటీసు, వాదన వినడం, కారణంతో కూడిన నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, జాప్యం లేని ప్రక్రియ, దాన్ని ముగించడం. అది ఆస్తి తీసుకునే సందర్భం గురించి. మీ జోన్ అభ్యంతరంలో మొదటి మూడింటి స్ఫూర్తిని ప్రస్తావించవచ్చు, తప్పులేదు. జోన్ కింద నలిగే చిన్న రైతుకు ఏ రూపంలోనూ పరిహారం లేకపోవడం న్యాయం కాదన్నదే మా అభిప్రాయం. ఊరి నీళ్ల కోసం, నగరం గాలి కోసం ఒక రైతు తన భూమి విలువ వదులుకుంటే ఆ భారం ఆయన ఒక్కడే మోయడమేమిటి?

ప్రశ్న: మా పట్టా భూమిలో కొంత చెరువు ఎఫ్‌టీఎల్‌లో ఉందంటున్నారు. పట్టా పోయినట్టేనా?

పోలేదు. పట్టా మీదే. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు. మట్టి పోసి ఎత్తు పెంచకూడదు, గోడ కట్టకూడదు. తెలంగాణ భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్. వాగు, కాలువ 10 మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. నది ఒడ్డున మున్సిపాలిటీ లోపల 50, బయట 100 మీటర్లు. ముందుగా ఆ చెరువుకు ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే అయిందో, తుది నోటిఫికేషన్ కూడా అయిందో కనుక్కోండి. ప్రాథమికమైతే గీత మీద అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు ఇద్దరూ ఉండగా సర్వే అడగండి. అలుగు (చెరువు నిండాక నీళ్లు పొర్లే చోటు) మట్టం ఎంతో రాయించుకోండి. ఎఫ్‌టీఎల్ గీతకు ఆధారం ఆ మట్టమే.

ప్రశ్న: 111 జీవో ఎత్తేశారని చెప్పి మొయినాబాద్ వైపు పదిహేను గుంటలు కొనమంటున్నారు. కొనవచ్చా?

1908 వరద తర్వాత మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ కట్టారు. వాటి పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు. 2022 ఏప్రిల్ 12న వచ్చిన జీవో 69 ఆ ఆంక్షలు తీసేస్తూనే జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతు పెట్టింది, మార్గదర్శకాలకు కమిటీ వేసింది. 2023 మేలో మంత్రివర్గం పూర్తి రద్దు నిర్ణయం ప్రకటించింది. మంత్రివర్గ ప్రకటన మీ చేతిలో ఇంటి అనుమతి కాదు. 'ఈ సర్వే నంబరులో నివాస భవనానికి అనుమతి ఇస్తాం' అని ప్లానింగ్ ఆఫీసు రాతపూర్వకంగా ఇస్తేనే ఆ భూమికి ఇంటి జాగా ధర పెట్టండి. ఇవ్వకపోతే అది వ్యవసాయ భూమి, దానికి వ్యవసాయ భూమి ధరే. పదిహేను గుంటలంటే పైన చెప్పిన 20 గుంటల చిక్కు కూడా ఉంది. మా సలహా: కొనవద్దు.

ప్రశ్న: తిరుచ్చి నుంచి రాస్తున్నాం. ఇక్కడ కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలం చేశారు. రైతులు సంతోషించారు. మన దగ్గర జోన్ అంటే ఎందుకు భయపడుతున్నారు?

మంచి ప్రశ్న. 2020లో తమిళనాడు తెచ్చిన చట్టం తంజావూరు, తిరువారూరు, నాగపట్నంతో పాటు కడలూరు, పుదుక్కోట్టైలలోని కొన్ని బ్లాకుల్లో కొత్త చమురు, సహజవాయువు తవ్వకాలను, జింకు, రాగి, అల్యూమినియం కర్మాగారాలను, తోళ్ల శుద్ధి వంటి పరిశ్రమలను నిషేధించింది. నిషేధం బయటి నుంచి వచ్చే పెద్ద పెట్టుబడి మీద. రైతు తన పొలంలో ఏం చేసుకుంటాడన్నది దానికి పట్టలేదు. మన మాస్టర్ ప్లాన్ జోన్ నిషేధం పెట్టేది రైతు మీద. పక్కూరికి పరిశ్రమల జోన్ ఇచ్చి, ఆ పొగ పీల్చే ఊరికి కన్సర్వేషన్ ఇచ్చిన సందర్భంలో రైతుకు అది రక్షణలా ఎలా కనిపిస్తుంది?

కేరళ మూడో పద్ధతి. 2008 నాటి వరిపొలాల, తడినేలల పరిరక్షణ చట్టం చాలా కఠినం. అనుమతి లేకుండా పూడిస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు. కానీ వేరే ఇంటిజాగా లేని యజమాని సొంత ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీలో 10 సెంట్లు, మున్సిపాలిటీలో 5 సెంట్లు అడిగే దారి ఆ చట్టంలోనే రాశారు. మన లెక్కలో 484 గజాలు, 242 గజాలు. విచారణ మొదలయ్యేది స్థానిక కమిటీ దగ్గర, అందులో రైతు ప్రతినిధులుంటారు. వ్యవసాయ భూమిని కాపాడాలన్న దాంట్లో మాకు రెండో మాట లేదు. నగరం చుట్టూ పొలం మిగలకపోతే చెరువులు ఎండుతాయి, కూరగాయల తోటలు దూరమవుతాయి. కేరళ పెట్టిన ఆ 10 సెంట్ల వాక్యం లాంటిది మన జోన్ నిబంధనల్లో స్పష్టంగా లేకపోవడమే మా అభ్యంతరం. ముసాయిదా మీద అభ్యంతరాలు రాసే ఊళ్లు తమ కాగితంలో ఈ ఒక్క వాక్యం అడగవచ్చు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. నాన్నగారి నాలుగెకరాలు నా పేరుకు వచ్చాయి, అగ్రి జోన్. అమ్మేముందు నాలా చేయిస్తే ధర పెరుగుతుందని బంధువులంటున్నారు.

ఆగండి. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే మన ఆదాయ పన్ను చట్టం ప్రకారం మూలధన లాభం లేదు. దూరం లెక్క గాలి దారిలో: జనాభా 10,000 నుంచి లక్ష దాకా ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్ల అవతల, లక్ష నుంచి 10 లక్షల దాకా అయితే 6, అంతకు మించితే 8. మీ పొలం ఆ గీతకు బయట ఉండి, సాగులో ఉంటే ఇక్కడ పన్ను సున్నా. నాలా చేయించిన రోజున ఆ మినహాయింపు పోతుంది. జోన్ మారకుండా నాలా చేయిస్తే కొనేవాళ్లు ఎక్కువ ఇవ్వరు, పన్ను మాత్రం మీకు పడుతుంది. అమెరికా పన్ను లెక్క వేరు, అక్కడి సీపీఏను అడగండి.

వారసత్వంగా వచ్చిన వ్యవసాయ భూమిని మీరు ఉంచుకోవచ్చు, భారత్‌లో నివసించేవాళ్లకే అమ్మవచ్చు. మరో ఎన్ఆర్ఐకి అమ్మడం, మీరు కొత్తగా వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ఒప్పుకోదు. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్ఆర్ఐలు భారత్‌లో వచ్చిన డబ్బు వేసుకునే బ్యాంకు ఖాతా) వేయించి, అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల వరకు పంపుకోవచ్చు. అమ్మకానికి ముందే పహాణీలు, పంట ఫోటోలు, మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం చూపే తహసీల్దార్ ధ్రువపత్రం తీసి పెట్టుకోండి. కొనేవాళ్లు టీడీఎస్ (చెల్లించే డబ్బులోంచి ముందే కోసే పన్ను) పట్టుకోవాలంటారు. ఆ కాగితాలతో ముందుగా ఆదాయ పన్ను అధికారి దగ్గర తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటే, రిజిస్ట్రేషన్ రోజున తహసీల్దార్ ఆఫీసు వరండాలో ఆ వాదన ఉండదు.